పరిశోధన పత్రం నుంచి ఎక్స్‌రే గది దాకా: చెన్నైలోని తెలుగు రేడియోగ్రాఫర్లకు ఒక పని పద్ధతి

నెల్లూరు, చిత్తూరు, తిరుపతి వైపు నుంచి వచ్చి చెన్నై ఆసుపత్రులలోను, స్కాన్ సెంటర్లలోను రేడియోగ్రాఫర్లుగా పనిచేస్తున్న తెలుగువారిని, ముఖ్యంగా చదువు ముగించి మొదటి ఉద్యోగంలో ఉన్నవారిని దృష్టిలో పెట్టుకొని ఈ వ్యాసం రాస్తున్నాను. మన వృత్తిలో పరిశోధన అనగానే అది డాక్టర్ల పని, లేకపోతే మెడికల్ ఫిజిసిస్టుల పని అని పక్కన పెట్టడం అలవాటైపోయింది. కొత్త సంగతులు మనకు చేరేది ఎక్కువగా మెషీను బిగించిన రోజున కంపెనీ మనిషి రెండు పూటల్లో చెప్పి వెళ్లే మాటల ద్వారానే. కానీ గత పదిహేను ఇరవై ఏళ్లలో వెలువడిన ఇమేజింగ్ పరిశోధనలో మనకు నేరుగా పనికివచ్చే భాగం చాలావరకు ఎక్స్‌పోజర్ మీట నొక్కే చేతుల గురించే ఉంది. టేబుల్‌ను ఎంత ఎత్తులో ఉంచాం, కాలిమేటర్‌ను (కిరణాల వెడల్పుకు హద్దు పెట్టే భాగాన్ని) ఎంత తెరిచాం, రోగికి ఏ మాట ఏ భాషలో చెప్పాం అన్నవే అందులోని ప్రశ్నలు. వీటికి కొత్త మెషీను అక్కరలేదు. కొలిచే ఓపిక కావాలి. అలాంటి ఒక్క ఫలితాన్ని ఎంచుకొని, మూడు నెలల్లో మీ గదిలో నిలబెట్టడం ఎలాగో ఇక్కడ వివరిస్తాను.

ముందు రిజెక్టు ఫోల్డరు తెరవండి

ఏ పత్రమూ చదవకముందు మీ గది ఇప్పుడు ఎలా ఉందో తెలుసుకోవాలి. అందుకు అన్నిటికంటే చౌకైన ఆధారం మీ డీఆర్ (డిజిటల్ రేడియోగ్రఫీ) కన్సోల్‌లోనే ఉన్న రిజెక్టు ఫోల్డరు, అంటే పనికిరావని పక్కన పెట్టిన చిత్రాలు ఉండే చోటు. ఒక నెలలో ఇచ్చిన మొత్తం ఎక్స్‌పోజర్లు ఎన్ని, వాటిలో రిజెక్టు అయినవి ఎన్ని అన్నది ముందు రాసుకోండి. 1,200 ఎక్స్‌పోజర్లలో 132 రిజెక్టు అయ్యాయనుకుంటే మీ రేటు 11 శాతం. అమెరికన్ మెడికల్ ఫిజిసిస్టుల సంఘం డిజిటల్ రేడియోగ్రఫీ నాణ్యత గురించి 2015లో వెలువరించిన నివేదిక 8 శాతాన్ని లక్ష్యంగాను, 10 శాతాన్ని కారణాలు వెదకవలసిన హద్దుగాను సూచించింది. రేటు మరీ తక్కువగా ఉన్నా సంతోషపడకూడదు. బాగాలేని చిత్రాలను కూడా రిపోర్టుకు పంపించేస్తున్నారనో, రిజెక్టులు లెక్కలోకే రావడం లేదనో దానికి అర్థం కావచ్చు.

మొత్తం రేటుతో ఆగిపోతే ఏమీ తెలియదు. ఛాతీ పీఏ (కిరణాలు వీపు నుంచి ముందుకు వచ్చేటట్టు తీసేది), నడుము ల్యాటరల్ (పక్క నుంచి తీసేది), మోకాలు, భుజం అంటూ వ్యూల వారీగా విడదీయాలి. ఒక్కొక్క రిజెక్టుకు కారణం రాయాలి. కారణాల జాబితా చిన్నదిగా ఉంటేనే జనం వాడతారు: పొజిషనింగ్, అంచు తెగడం, ఒంటి మీద వస్తువు, కదలిక లేదా ఊపిరి, ఎక్స్‌పోజర్, పరికరం. ఈ ఆరూ చాలు. వేర్వేరు దేశాలలో జరిగిన రిజెక్టు అధ్యయనాలలో పొజిషనింగ్ తప్పులే తరచుగా మొదటి స్థానంలో నిలిచాయి కాబట్టి మీ దగ్గరా అదే కనిపిస్తే ఆశ్చర్యపోనక్కరలేదు. దేనిలో ఎక్కువ, ఏ తరహా తప్పు అన్నదే మీకు కావలసిన సమాచారం.

ఒక హెచ్చరిక. రిజెక్టులను మనుషుల పేర్లతో లెక్కవేయకండి. నేను పూర్వం పనిచేసిన ఒకచోట ఎవరికి ఎన్ని రిజెక్టులో పేర్లతో సహా గోడకు అంటించారు. మరుసటి నెలకు రిజెక్టులు సగానికి సగం తగ్గాయి. చిత్రాలు బాగుపడి కాదు. పాడైన చిత్రాన్ని రిజెక్టు చేయకుండా అదనపు వ్యూగా ప్యాక్స్‌లోకి (చిత్రాలు దాచే కంప్యూటర్ వ్యవస్థలోకి) తోసేయడం అందరూ నేర్చుకున్నారు. ఆ లెక్కల మీద ఆ తరువాత ఎవరికీ నమ్మకం లేకపోయింది.

ఒంటి మీద వస్తువుల సంగతి పరిశోధన పత్రాలలో ఒక గడిలో ముగిసిపోతుంది గాని, మన దగ్గర దానికొక పాఠమే అవసరం. పసుపుతాడుకు వేలాడే పిన్నీసుల గుత్తి ఊపిరితిత్తి పైభాగం మీద పడుతుంది. గట్టిగా అల్లి రబ్బరు బ్యాండు వేసిన జడ మెడ పక్కగా జారితే పైలోబులో మచ్చలా కనిపిస్తుంది. మొలతాడుకున్న వెండి బిళ్ల నాలుగో నడుము పూసను కప్పేస్తుంది. చేతికి, మెడకు కట్టిన తాయెత్తులు సరేసరి. మంగళసూత్రం తీయమంటే మన ఆడవాళ్లు ఒప్పుకోరు, తీయించవలసిన అవసరమూ లేదు. పిన్నీసులు మాత్రం విప్పి చేతికివ్వమని, తాడును పైకి లాగి గడ్డం కిందికి చేర్చి పట్టుకోమని చెబితే ఛాతీ పీఏకు చాలావరకు సరిపోతుంది. జడను తల మీదికి చుట్టి క్లిప్పు పెట్టడానికి బట్టలు మార్చుకునే గదిలో ఒక అద్దం, నాలుగు ప్లాస్టిక్ క్లిప్పులు ఉంచండి. ఆ గది తలుపు మీద బొమ్మలతో కూడిన సూచనలు తెలుగులోను, తమిళంలోను, హిందీలోను, బెంగాలీలోను ఉండాలి. చెన్నైకి వైద్యానికి వచ్చేవారు ఎక్కడెక్కడి నుంచి వస్తారో మీకు తెలియనిది కాదు.

ఊపిరి విషయంలోనూ భాషే కీలకం. ఛాతీ పీఏలో ముందువైపు ఆరు పక్కటెముకలో, వెనుకవైపు తొమ్మిది పదో ఊపిరితిత్తుల మీద లెక్కకు రావాలని చదువుకున్నాం. గూడూరు నుంచి వచ్చిన పెద్దమనిషికి తమిళంలో ఒక్కసారి, అదీ లెడ్ గ్లాసు వెనుక నుంచి అరిచి చెబితే ఆయన గాలి పీల్చడు, మన వైపు తల తిప్పి చూస్తాడు. డిటెక్టరు దగ్గర నిలబెట్టినప్పుడే, "గాలి బాగా లోపలికి పీల్చుకొని అట్లే నిలపండి" అని చెప్పి, ఒకసారి చేయించి చూసి, ఆ తరువాతే కన్సోల్ దగ్గరకు రావాలి. సీటీలో మరీ ముఖ్యం. మెషీనుతో వచ్చిన ఆంగ్ల స్వరం మన రోగుల్లో చాలామందికి అర్థం కాదు. చాలా కన్సోళ్లలో సొంత గొంతుతో సూచనలు రికార్డు చేసుకునే వీలుంది. ఒక మధ్యాహ్నం కూర్చొని తెలుగు సూచనలు రికార్డు చేయండి. పీల్చమన్న మాటకు, స్కాన్ మొదలుకు మధ్య తగినంత వ్యవధి ఇచ్చారో లేదో ముందు మీ మీద మీరే చేసి చూసుకోండి.

పత్రాన్ని ఎలా చదవాలి

ఇప్పుడు మీ గదిలోని లోపం ఏదో తెలిసింది కాబట్టి, దానికి సంబంధించిన పత్రమే వెదకవచ్చు. పబ్‌మెడ్ సెంట్రల్ అనే ఆన్‌లైన్ వైద్య పత్రాల భాండారంలో పూర్తి పాఠం ఉచితంగా దొరుకుతుంది. మన దేశపు ఇండియన్ జర్నల్ ఆఫ్ రేడియాలజీ అండ్ ఇమేజింగ్, జర్నల్ ఆఫ్ మెడికల్ ఫిజిక్స్, రేడియోగ్రాఫర్ల కోసమే ఉన్న జర్నల్ ఆఫ్ మెడికల్ రేడియేషన్ సైన్సెస్ కూడా చదవడానికి అందుబాటులో ఉన్నవే. సారాంశం చదివి ఆగిపోకుండా నేరుగా పద్ధతుల విభాగానికి వెళ్లాలి. అక్కడ నేను వెదికేవి మూడు. పరీక్షించింది మనుషులనా, ఫాంటమ్‌నా (మనిషికి బదులు వాడే నమూనానా)? కొలిచింది డోసునా, చిత్ర నాణ్యతనా, రోగనిర్ధారణనా? ఆ రోగులు, ఆ మెషీను, ఆ ప్రోటోకాల్ నా గదికి ఎంత దగ్గర?

వీటికి తోడు ఇంకొక భేదం గమనించాలి: గమనించి చెప్పినది వేరు, లెక్కగట్టి చెప్పినది వేరు. సీటీ రేడియేషన్ గురించి ఈమధ్య వచ్చిన రెండు పెద్ద అధ్యయనాలు దీనికి మంచి ఉదాహరణలు. తొమ్మిది ఐరోపా దేశాలలో 22 ఏళ్లలోపు సీటీ చేయించుకున్న దాదాపు 9.5 లక్షల మందిని ఏళ్ల తరబడి అనుసరించి, వారిలో నిజంగా వచ్చిన రక్త క్యాన్సర్లను లెక్కించిన అధ్యయనం 2023లో ప్రచురితమైంది. ఈనాటి డోసుల ప్రకారం సీటీ చేయించుకునే ప్రతి 10,000 మంది పిల్లలలో ఆ తరువాతి 5 నుంచి 12 ఏళ్లలో ఒకరికో ఇద్దరికో దానివల్ల రక్త క్యాన్సర్ రావచ్చని అది తేల్చింది. 2025లో అమెరికాలో వచ్చిన అధ్యయనం అలాంటిది కాదు. ఒక్క ఏడాదిలో ఆ దేశంలో జరిగిన సుమారు 9.3 కోట్ల సీటీ పరీక్షల వల్ల మున్ముందు 1,03,000 దాకా క్యాన్సర్లు రావచ్చని ప్రమాద నమూనాల ఆధారంగా అంచనా కట్టింది. అక్కడ ఎవరినీ అనుసరించి చూడలేదు. రెండూ విలువైనవే. అయితే రెండో సంఖ్యను వార్తాపత్రికలో చూసిన తండ్రి వచ్చి, తలకు దెబ్బ తగిలిన పిల్లవాడికి సీటీ వద్దని అంటే, ఆ తేడా మీకు తెలిసి ఉండాలి. అవసరమైన సీటీని మానుకోవడం వల్ల కలిగే నష్టం ఆ లెక్కలో లేదని నెమ్మదిగా చెప్పి, మిగతాది డాక్టరుకు వదిలేయాలి.

ఎక్స్‌పోజర్ సూచికను చూసే అలవాటు

1934లో మొదలైన మద్రాసు బార్నార్డ్ రేడియాలజీ సంస్థలో ఫిల్ము కాలంలో శిక్షణ పొందిన పెద్దలెవరైనా మీకు తెలిస్తే అడిగి చూడండి. ఎంఏఎస్ (కిరణాల మొత్తాన్ని నిర్ణయించే అమరిక) ఎక్కువైతే ఫిల్ము నల్లగా మాడిపోయేది, తక్కువైతే తెల్లగా తేలిపోయేది. తప్పు అప్పటికప్పుడు డార్క్‌రూములోనే బయటపడేది. డిజిటల్ డిటెక్టరు ఈ శిక్షను తీసేసింది. డోసు తక్కువైతే చిత్రంలో ఇసుక చల్లినట్టు గరుకు కనిపిస్తుంది, రేడియాలజిస్టు ఫోను చేస్తారు. డోసు రెండింతలైతే చిత్రం ఇంకా నున్నగా వస్తుంది, ఎవరూ ఏమీ అనరు. అందుకే ఏ దురుద్దేశమూ లేకుండానే అందరి చేతులూ మెల్లగా ఎక్కువ వైపుకు జరుగుతాయి. డోసు ఇలా పైకి పాకడం గురించి డిజిటల్ తొలినాళ్ల నుంచీ పరిశోధకులు రాస్తూనే ఉన్నారు.

దీనికి మందుగా 2008లో అంతర్జాతీయ ప్రమాణం ఒకటి వచ్చింది. డిటెక్టరుకు చేరిన ఎక్స్‌పోజరును ఈఐ అనే సంఖ్య, అది లక్ష్యానికి ఎంత దూరంలో ఉందో డీఐ అనే సంఖ్య చెబుతాయి. డీఐ సున్నా అయితే లక్ష్యం తగిలినట్టు. ప్లస్ 1 అంటే కావలసినదానికంటే సుమారు 26 శాతం ఎక్కువ, ప్లస్ 3 అంటే రెండింతలు, మైనస్ 3 అంటే సగం. ఈ సంఖ్య ప్రతి చిత్రం మూలనా కనిపిస్తూనే ఉంటుంది, చూసేవారే తక్కువ.

వాడే పద్ధతి ఇది. ఒకే వ్యూను, ఉదాహరణకు పెద్దల ఛాతీ పీఏను తీసుకొని, వరుసగా 50 చిత్రాల డీఐ రాయండి. సగటు సున్నాకు దగ్గరగా లేకపోతే ముందు మీ ఫిజిసిస్టును కలవండి, ఎందుకంటే లక్ష్యపు ఈఐనే ఎవరూ మీ గదికి సరిచేసి ఉండకపోవచ్చు. మెషీను వచ్చిన రోజు కంపెనీ పెట్టిన విలువే కొనసాగుతుండవచ్చు. సగటు బాగానే ఉండి విలువలు మాత్రం అటూ ఇటూ చెదిరిపోతుంటే, అది ఏఈసీ (తగినంత ఎక్స్‌పోజర్ కాగానే తనంతట తానే ఆపే ఏర్పాటు) కొలత గదులపై రోగిని సరిగా నిలపకపోవడం, కాలిమేషన్ తేడాలు, దూరం మారిపోవడం లాంటి మన పని లోపం. ఛాతీ పీఏకు 180 సెంటీమీటర్ల దూరమని అందరికీ తెలుసు; ట్యూబు నిజంగా అక్కడే ఆగుతోందో లేదో టేపుతో కొలిచి చూసినవారు ఎందరు? ప్రతి చిత్రంలోనూ డీఐ ప్లస్ లేదా మైనస్ 0.5 లోపలే ఉండాలని మొదట్లో సూచించినా, ఆ హద్దు నిత్య పనిలో మరీ ఇరుకైనదని అమెరికన్ మెడికల్ ఫిజిసిస్టుల సంఘమే 2018లో మరో నివేదికలో తేల్చింది. కాబట్టి ఒక్క చిత్రం తప్పిందని కంగారుపడి ఎక్స్‌పోజర్ మళ్లీ ఇవ్వకండి. డీఐ ఎక్కువగా ఉందన్న ఒక్క కారణంతో రిపీట్ చేయడమంటే డోసు మీద డోసు వేయడమే. చిత్రం పనికివస్తుందా లేదా అన్నదే రిపీట్‌కు గీటురాయి, డీఐ మాత్రం నెల చివర గ్రాఫు గీసుకోవడానికి.

ఇదే సందర్భంలో కాలిమేషన్ మాట. డిజిటల్ వచ్చాక ఫీల్డును పెద్దగా తెరిచి తీసి, తరువాత తెర మీద కత్తిరించడం సులువైంది. నడుము ఎక్స్‌రేలలో ఫిల్ము కాలం కంటే డిజిటల్ కాలంలో ఫీల్డులు పెద్దవయ్యాయని 2011లో నార్వే పరిశోధకులు చూపించారు. మీ గదిలో ఎలా ఉందో చూడాలంటే కత్తిరించకముందు చిత్రాలను పిలిచి చూస్తే చాలు. తెర మీద కత్తిరించిన భాగానికి కూడా రేడియేషన్ తగిలిందని, అందులో ఉన్న రోగం కూడా కత్తిరింపులో పోవచ్చని గుర్తుంచుకోవాలి.

సీటీలో రోగిని నడిమధ్యన పడుకోబెట్టడం

నాకు అన్నిటికంటే నచ్చిన పరిశోధన ఇది, ఎందుకంటే ఇందులో ఖర్చు సున్నా. సీటీలో ఎంఏను (ట్యూబు కరెంటును) సర్దే వ్యవస్థ స్కౌట్ చిత్రాన్ని (స్కాన్‌కు ముందు తీసే చదునైన చిత్రాన్ని) చూసి రోగి పరిమాణాన్ని అంచనా వేస్తుంది. రోగి ఐసోసెంటర్‌లో (మెషీను వలయపు నడిమధ్యన) లేకపోతే స్కౌట్‌లో తన అసలు సైజులో కనిపించడు. ట్యూబుకు దగ్గరగా ఉంటే లావుగా కనిపిస్తాడు, మెషీను డోసు పెంచుతుంది. దూరంగా ఉంటే సన్నగా కనిపిస్తాడు, మెషీను డోసు తగ్గించి గరుకు చిత్రం ఇస్తుంది. బోటై ఫిల్టరు (దేహపు అంచుల వైపు కిరణాలను తగ్గించేది) కూడా మధ్యలో ఉన్న దేహాన్ని ఉద్దేశించి చేసినదే కాబట్టి ఎత్తు తప్పినప్పుడు దేహపు ఒక వైపుకు డోసు ఎక్కువవుతుంది. 2007లో వెలువడిన ఒక పత్రం 32 సెంటీమీటర్ల ఫాంటమ్‌ను కేంద్రం నుంచి 3 సెంటీమీటర్లు జరిపితే ఉపరితల డోసు 18 శాతం, 6 సెంటీమీటర్లు జరిపితే 41 శాతం పెరిగిందని కొలిచి చూపింది. ఆ తరువాత వచ్చిన చాలా అధ్యయనాలు రోగులు ఎక్కువగా ఉండవలసినదానికంటే కిందికే ఉంటున్నారని చెప్పాయి. కొత్త మెషీన్లలో టేబుల్‌కు పైన కెమెరా పెట్టి ఎత్తును అదే నిర్ణయించే ఏర్పాటు వచ్చింది. అది మన చేతి కంటే నిలకడగా పనిచేస్తున్నదని పరిశోధనలు చూపుతున్నాయి. ఆ కెమెరా లేని మనలో చాలామందికి లేజరు గీతే ఆధారం.

ఈ సూత్రాన్ని జూనియర్లకు మాటలతో చెప్పేకంటే చేసి చూపించడం మేలు. చెన్నైలో ప్రతి మూలనా దొరికే 20 లీటర్ల నీళ్ల క్యాను ఒకటి తీసుకోండి. మూత బిగించి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, టేబుల్ మీద అడ్డంగా పడుకోబెట్టి, కదలకుండా పట్టీతో బిగించండి. రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరు అనుమతితో, గదిలో ఎవరూ లేకుండా, లేజరు నడిమధ్యన ఉన్నప్పుడు ఒక స్కౌట్, 3 సెంటీమీటర్లు కిందికి దించి ఒకటి, 6 సెంటీమీటర్లు దించి ఒకటి తీసి, అసలు స్కాన్ ఇవ్వకుండానే కన్సోల్ చూపే సీటీడీఐ (సీటీ డోసు కొలత) అంచనాను మూడుసార్లూ రాయండి. ట్యూబు పైన ఉంచి ఒకసారి, కింద ఉంచి ఒకసారి ఇలా చేసి, ఆ సంఖ్య వ్యతిరేక దిశల్లో కదలడం చూస్తే స్కౌట్ ఏ వైపు నుంచి తీస్తున్నామన్నది ఎందుకు ముఖ్యమో ఎవరూ వివరించనక్కరలేదు. నీళ్లు గ్యాంట్రీలోకి (మెషీను వలయంలోకి) పోతే మాత్రం ఈ వ్యాసాన్ని ఆఫీసులో చూపించకండి.

ఆ తరువాత మీ రోగుల లెక్క. ఇప్పటికే పూర్తయిన 20 మంది పెద్దల పొట్ట సీటీలు తీసుకోండి. కొత్తగా ఎవరికీ ఏ స్కానూ చేయనక్కరలేదు. రీకన్‌స్ట్రక్షన్ (చిత్రాన్ని కట్టే దశ) కేంద్రాన్ని పక్కకు జరపని సీరీస్‌లో, కిడ్నీల మట్టం దగ్గర ఒక అడ్డకోత తెరిచి, ముందు చర్మం నుంచి వెనుక చర్మానికి నిలువు గీత గీసి, దాని మధ్యబిందువు చిత్ర కేంద్రానికి ఎన్ని మిల్లీమీటర్లు పైనో కిందో ఉందో రాయండి. గంటలో అయిపోయే పని. సగటు 2 సెంటీమీటర్లు కిందికి ఉందనుకుంటే మీకు దొరికినది తప్పు మాత్రమే కాదు, దాని దిశ కూడా.

ఎందుకలా జరుగుతుందో నా అనుభవంలో మూడు కారణాలు చూశాను. వరుసగా రోగులను ఎక్కించే తొందరలో అందరికీ ఒకే టేబుల్ ఎత్తు ఉంచేయడం ఒకటి. పక్క లేజరును దేహం మధ్యకు కాకుండా టేబుల్ మీది చేతికో దిండుకో సరిచూడడం ఒకటి. పొట్ట పెద్దగా ఉన్నవారిలో మధ్యభాగం మనం అనుకున్నదానికంటే పైకి ఉంటుందని మరచిపోవడం ఇంకొకటి. విరుగుడుగా, చేతులు పైకెత్తించిన తరువాతే లేజరు వేయండి. ఛాతీ ముందు భాగానికి, వీపుకు సరిగ్గా మధ్యన, చంక మధ్యరేఖ మీద అది పడాలి. స్కాన్ చేసే ప్రాంతంలో రెండు చోట్ల చూడండి. స్కౌట్ తీశాక తప్పు కనిపించి టేబుల్ ఎత్తు మారిస్తే, ఎంఏ లెక్క పాత స్కౌట్ మీదే నడుస్తుందో లేదో మీ మెషీను మాన్యువల్‌లో చూసి తెలుసుకోవాలి. మెషీనును బట్టి ఇది మారుతుంది. మూడు వారాల తరువాత మరో 20 మందిని అదే పద్ధతిలో కొలవండి.

సీసపు కవచం తీసేయడం

ఇది చేతిపని కాదు, మనసుల పని కాబట్టి ఎక్కువ జాగ్రత్త కావాలి. పొత్తికడుపు ఎక్స్‌రేలలో బీజకోశాల మీద సీసం పెట్టడం 1950ల నాటి నుంచి వస్తున్న ఆచారం. దానిని మానేయాలని అమెరికన్ మెడికల్ ఫిజిసిస్టుల సంఘం 2019లో ప్రకటించింది. 2021 జనవరిలో ఆ దేశపు జాతీయ రేడియేషన్ రక్షణ మండలి అదే చెప్పింది. దంత ఎక్స్‌రేలలో ఏప్రాన్, థైరాయిడ్ కాలర్ అక్కరలేదని అమెరికన్ డెంటల్ అసోసియేషన్ 2024లో చేరింది. కారణాలు బలమైనవే. 1950లతో పోలిస్తే ఆ అవయవాలకు చేరే డోసు 95 శాతానికి పైగా తగ్గింది. అణుబాంబు బాధితుల పిల్లలతో సహా మనుషులలో రేడియేషన్ వల్ల వంశపారంపర్య హాని కనిపించలేదు. అందుకే బీజకోశాలకు ఇచ్చే తూకపు గుణకాన్ని (రేడియేషన్ హానిలో ఆ అవయవం వాటాను చూపే సంఖ్యను) అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ మండలి 1990లోని 0.20 నుంచి 2007లో 0.08కి తగ్గించింది. దేహం లోపలే పుట్టి చెదిరే కిరణాలను పైన పెట్టిన సీసం ఆపలేదు. అన్నిటికీ మించి, సీసం జారి ఏఈసీ గది మీద పడితే మెషీను డోసు పెంచేస్తుంది, ఎముకను కప్పితే రిపీట్ తప్పదు.

ఇంత చదివాక రేపే సీసాన్ని పక్కన పడేయవద్దు. మన దేశంలో మనం జవాబు చెప్పవలసింది అణుశక్తి నియంత్రణ మండలికి. మీ సంస్థకు లైసెన్సు దాని నిబంధనల మీదే ఉంది. కాబట్టి ముందు ఈ పత్రాల సారం ఒక పేజీలో రాసి రేడియేషన్ సేఫ్టీ ఆఫీసరుకు, రేడియాలజిస్టుకు ఇవ్వండి. వారు మండలి ప్రస్తుత నిబంధనలు సరిచూసి రాతపూర్వకంగా విధానం ఇచ్చేదాకా పాత పద్ధతే కొనసాగాలి. ఒక షిఫ్టులో సీసం పెట్టి, మరో షిఫ్టులో పెట్టకపోతే రోగుల దగ్గర మన మాటకు విలువ ఉండదు.

విధానం వచ్చాక రోగికి చెప్పే మాట కూడా ముందే సిద్ధం చేసుకోవాలి. "పోయినసారి నా మనవడికి సీసం అడ్డం పెట్టారు గదా నాయనా, ఈసారి ఎందుకు పెట్టలా?" అని ఒక అవ్వ అడగడం ఖాయం. "అవ్వా, అప్పటి మెషీన్ల కంటే ఇప్పటివి చాలా తక్కువ కిరణాలతో తీస్తాయి. ఆ సీసం అడ్డం వస్తే ఎముక కనపడక ఇంకోసారి తీయాల్సి వస్తుంది. పిల్లోడికి అది లేకపోతేనే మంచిదని పెద్ద డాక్టర్లు తేల్చారు" అని చెబితే సాధారణంగా చాలు. అప్పటికీ భయం తీరకపోతే, చిత్రానికి అడ్డురాని చోట సీసం పెట్టడానికి మీ విధానం అనుమతిస్తుందో లేదో చూసి నడుచుకోవాలి; భయపడుతున్న మనిషితో వాదించి గెలవడం వల్ల ఒరిగేదేమీ లేదు.

పిల్లవాడిని పట్టుకొని నిలబడే తల్లికి, థియేటరులో సీఆర్మ్ (ఆపరేషన్ వేళ వాడే ఎక్స్‌రే మెషీను) పక్కన నిలబడే మనకు ఈ మార్పు వర్తించదు. ఏప్రాన్ వేసుకోవడం, టీఎల్‌డీ బ్యాడ్జి (మనకు తగిలిన రేడియేషన్‌ను కొలిచేది) ఏప్రాన్ లోపల ధరించడం యథాతథం. మనకు వర్తించే పరిమితి అయిదేళ్ల సగటున ఏటికి 20 మిల్లీసీవర్టులు, ఏ ఒక్క ఏడాదిలోనూ 30 దాటకూడదు.

కృత్రిమ మేధ వచ్చినప్పుడు

ఛాతీ ఎక్స్‌రేలో క్షయను వెదికే సాఫ్ట్‌వేర్‌ను 15 ఏళ్లు, ఆపై వయసు వారి స్క్రీనింగ్‌లో మనిషికి బదులుగా వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది. పదేళ్ల పిల్లవాడి చిత్రానికి వచ్చిన స్కోరును మీరు నమ్మకూడదన్నది అందులోనే ఉంది. స్వీడన్‌లో 80,000 మందికి పైగా స్త్రీలతో చేసిన మామోగ్రఫీ (రొమ్ము ఎక్స్‌రే) పరీక్షలో కృత్రిమ మేధ సాయంతో చిత్రాలు చదివే పని 44 శాతం తగ్గినా క్యాన్సర్ల గుర్తింపు తగ్గలేదని 2023లో తెలిసింది. అయితే అక్కడ ప్రతి చిత్రాన్నీ ఇద్దరు రేడియాలజిస్టులు చదివే పద్ధతి ఉంది, మీ సెంటర్‌లో ఒక్కరే చదువుతుంటే ఆ 44 శాతం మీది కాదు. మన వంతు పని చిత్రం సరిగా తీయడం. ఒక పక్కకు తిరిగిన ఛాతీ, సగం పీల్చిన ఊపిరి, మంచం మీద ముందు వైపు నుంచి తీసిన ఏపీ వ్యూకు పీఏ అని పడిన గుర్తు సాఫ్ట్‌వేర్‌ను తప్పుదారి పట్టించగలవు. తెర మీద సాఫ్ట్‌వేర్ గీసిన ఎర్రపెట్టె కనిపించగానే రోగికి చెప్పేయకండి. అది రిపోర్టు కాదు. ఎర్రపెట్టె పడి రిపోర్టులో ఏమీ రానివి, రిపోర్టులో వచ్చినా పెట్టె పడనివి ఒక నోటుపుస్తకంలో రాసి నెలకోసారి రేడియాలజిస్టుకు చూపిస్తే, మీ జనాభాలో ఆ సాఫ్ట్‌వేర్ ఎలా ఉందో చెప్పగలిగే మొదటి ఆధారం మీ దగ్గరే తయారవుతుంది.

మూడో నెల చివర

డోసుకు సంబంధించిన మార్పు ఏది చేసినా, ముందు 20 మంది, తరువాత 20 మంది చొప్పున ఒకే తరహా శరీర పరిమాణం ఉన్న పెద్దల డీఎల్‌పీ (సీటీలో) లేదా డీఏపీ (ఎక్స్‌రేలో) అనే డోసు విలువలు రాసి, సగటు కాకుండా మీడియన్ (వరుసలో నడిమి విలువ) తీయండి. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ మండలి 2017లో వెలువరించిన 135వ ప్రచురణ డయాగ్నొస్టిక్ రిఫరెన్స్ విలువలకు (డోసును పోల్చి చూసుకునే ప్రామాణిక విలువలకు) కనీసం 20 మందిని, మీడియన్‌నే సూచించడానికి కారణముంది: ఒక్క భారీకాయుడి స్కాన్ సగటును లాగేస్తుంది, మీడియన్‌ను లాగలేదు. చిత్ర నాణ్యత పడిపోలేదని రేడియాలజిస్టు సంతకం లేకుండా డోసు తగ్గిందని మాత్రమే చెప్పుకోకండి.

ఇవన్నీ విభాగం లోపలి ఆడిట్‌గా చేయడానికి విభాగాధిపతి అనుమతి తీసుకోండి. బయట సమావేశంలో చెప్పాలన్నా, పత్రికకు పంపాలన్నా సంస్థ నైతిక సంఘం ఆమోదం పని మొదలుపెట్టకముందే కావాలి. తరువాత అడిగితే దొరకదు. రోగుల పేర్లు, ఆసుపత్రి నంబర్లు మీ ఎక్సెల్ షీటులోకి రాకుండా 1 నుంచి 20 వరకు వరుస అంకెలే వాడండి; ఆ షీటును వాట్సాప్‌లో తిప్పకండి. ముందు, తరువాత లెక్కలు, మార్చిన పద్ధతి, మళ్లీ కొలవవలసిన తేదీ ఒకే కాగితం మీద రాసి, తెలుగు, తమిళం చదివే అందరికీ అర్థమయ్యేటట్టు కన్సోల్ పక్కన అంటించండి. ఆరు నెలల తరువాతి ఆ తేదీ నాటికి కొత్తగా చేరినవారు ఉంటారు కాబట్టి, ఆ రోజు కొలిచే పనిని వారికే అప్పగించండి.